తూకం చీటీ

మింటు వీధి వెనక సందులో
తాత చెంగల్రాయుడి కొట్టు.
ఆడి ఆడి గీతలు పడ్డ రీళ్ళు
జట్కాలో వచ్చేవి, తడి గోనె కప్పుకుని.
మద్రాసు ఎండ తగిలితే అంటుకుంటాయని.

కాస్టిక్ తొట్టిలో వేస్తే
ముందు నలుపు వదిలేదట:
జడ, కాటుక, రాత్రి.
అడుగున మడ్డి. మడ్డిలో వెండి.

ఒక్క చీటీ మిగిలింది.
"రీళ్ళు తొమ్మిది. వెండి నాలుగున్నర తులాలు.
ఉత్త రేకు గాజులవాళ్ళకు."
బొమ్మ పేరు రాయలేదు.
తూకానికి పేరెందుకు?

నాయనమ్మ ఆ బొమ్మ చూసింది,
పెళ్ళికి ముందు, కొండితోపు డేరాలో, నేల టికెట్టు.
సముద్రం ఒడ్డున ఒక మనిషి
వెనక్కి తిరిగి ఏదో అంటుంది.
అక్షరాల అట్ట పడేసరికి
చదివి చెప్పేవాడు బీడీకి వెళ్ళాడు.
డేరా నిండా చదువురాని మూడొందల మంది.

"రావద్దు" అందని ఒకసారి చెప్పేది నాయనమ్మ.
"నీళ్ళు లోతు" అందని ఇంకోసారి.
చివరి ఏడాది, స్టాన్లీ ఆస్పత్రిలో,
"నన్నేరా పిలిచింది" అంది.

ఆ వెండిలోనే ఆమెకు మట్టెలు చేయించాడు తాత.
ఎవరిని కరిగించాడో చెప్పలేదు,
ఆమె అడగలేదు.
ఆయన పోయిన పదోరోజున తీశారు.

ఇప్పుడు నా బల్ల సొరుగులో, అగ్గిపెట్టెలో.
సొరుగు లాగినప్పుడల్లా
ఒకటి రెండోదానికి తగిలి
ఏదో అంటుంది.