మూడువందల పన్నెండు మాటలు

పోర్టులో నా పని టన్నులు కూడడం.
కాలరు మీద ముడి ఇనుము ఎర్రదుమ్ము,
గళ్ళలో అంకెలు.
అందుకేనేమో
నేను కట్టిన భాషలో ఒక్క క్రియ కూడా గీత దాటదు.

గనగళ్ల ఎల్లాజీ నవ్వుతాడు.
ఫిషింగ్ హార్బర్లో ఐసు ఫ్యాక్టరీ గోడ పక్కన
మరబోటు ఇంజను విప్పి పరుచుకుని,
"ఇది బాసేటి, గుమస్తా? ఇస్త్రీ కొట్టు.
నలిగిన మాట ఒక్కటుందేటి ఇందులో?"

రెండేళ్ళ ఆదివారాలు,
అట్ట ఊడిన ఒక లాంగ్ నోటుబుక్కు.
హాన అంటే సముద్రం.
కిమ, వెళ్ళు. చివర ద తగిలిస్తే
అయిపోయిన పని: కిమద, వెళ్ళాడు.
ఆడా మగా తేడా లేదు. చేపకీ మనిషికీ ఉంది.
మనం, మేం రెండెందుకని ఒక్కటే పెట్టాం: సువ.
ఒక గోడ తగ్గిందని ఇద్దరం మురిసిపోయాం.
తిట్లు లేకపోతే ఎవడూ నమ్మడన్నాడతను.
నాలుగు కట్టాం. అవి మాత్రం
మొదటిసారికే నోటికి పట్టాయి.

తగువు "తిరిగొచ్చాడు" దగ్గర.

నూర, తిరిగిరా. కనక నూరద, అన్నాను.
"కాదు. అది రోజూ అనీ మాట.
తెల్లారకుండా ఒడ్డున నిలబడి
ఆడోళ్ళు ఒకరినొకరు అడిగీ మాట.
వందేళ్ళు నోట్లో నానినదానికి మూలలుంటాయేటి?
ఓలి అను. ఎందుకని అడక్కు."
వందేళ్ళెక్కడివి, పుట్టి రెండేళ్ళు కాలేదు, అన్నాను.
"మరైతే అబద్దమాడు.
అబద్దం ఆడకపోతే నిజంలాగెలాగుంటాది?"

ఆ రాత్రి పూర్ణా మార్కెట్ దగ్గర సిటీబస్సులో
కండక్టరు గొంతు: దిగీయండి, దిగీయండి.
దిగివేయండి అన్నవాణ్ణి నా జన్మలో చూళ్ళేదు.
ఆ వకారం
ఏ స్టాపులో దిగిపోయిందో
వెతికినవాడూ లేడు.

అయినా సిరాతో నూరద అనే రాశాను.
అతను పక్కన పెన్సిలుతో, ఓలి.
నేను రబ్బరు తెచ్చాను. అతను
మళ్ళీ పెన్సిలు చెక్కాడు.
ఎండాకాలమంతా ఇదే పని.

ఎల్లాజీ మేనకోడలు పోలేశ్వరికి ఏడేళ్ళు.
వలల పోగు కింద దూరి
మా గొడవంతా వినేదని మాకు తెలీదు.
ఒక ఆదివారం నా ఎదటికొచ్చి
"హాన్ కిమ్దా" అంది.
హాన, కిమద, అని దిద్దాను, ఎర్రపెన్ను లేని లోటు
గొంతుతో పూడుస్తూ.
"అలాగనరు."
ఎవరనరు?

వెనక్కి చూసింది. పోగు మీద ఇంకో ఇద్దరు గుంటలు
ఒకే ముంత మసాలా పొట్లంలో వేళ్ళు పెట్టి.
వాళ్ళిద్దరి చుట్టూ చెయ్యి తిప్పి,
ఆ చేతినే తన గుండె మీదికి తెచ్చుకుని,
"సువక" అంది.
చెయ్యి నావేపు రాలేదు.

నోటుబుక్కు తిరగేశాను.
మూడువందల పన్నెండు మాటలు.
అది లేదు.
ఎల్లాజీ పానా పట్టుకుని అలాగే ఉండిపోయాడు,
డీజిలు చుక్కలు చొక్కా మీద పడుతున్నా.

ఇంకోసారి చెప్పమ్మా, రాసుకుంటాను, అన్నాను.
అప్పటికే ముగ్గురూ జెట్టీ చివరికి పరుగు.
డాల్ఫిన్స్ నోస్ మలుపులోంచి
ఎవరిదో నీలం బోటు, పక్కకి ఒరిగి, లోపలికొస్తోంది.
చేతులు పైకెత్తి, ఎగిరెగిరి,
నా సిరాలోనూ అతని పెన్సిల్లోనూ లేని అరుపు:

"ఓల్దా! ఓల్దా!"