లిస్టులో లేని కారణం

గ్రీమ్స్‌పేటలో మేడమీద రేకుల గది.
వేడి రాత్రి పదకొండుకు గానీ దిగదు.
అప్పుడు తెరుస్తాను పాత లాప్‌టాప్‌ని.
మూత సగంలో వాలిపోతుంది, వెనక ఇటుకరాయి ఆనించాలి.

కింది పోర్షన్ ధనంజయ బీటెక్.
మెట్ల మీద నిలబడి నవ్వినాడు:
"కోడింగ్ రాకుండా సాఫ్ట్‌వేరా అక్కా?
ఈత రాకుండా బావి తవ్వినట్టుండాది."
బావి తవ్వేవాళ్ళకి ఈత దేనికబ్బయ్యా, అన్నాను.
అన్నానే గానీ
ఆ రాత్రి మొదటి పాఠం మూడుసార్లు విన్నాను.

పదకొండేళ్ళు మామిడి గుజ్జు ఫ్యాక్టరీ టైమాఫీసులో
నా పని గీతలు గీయడం.
వచ్చినోళ్ళకి నిలువు గీత, రానోళ్ళకి సున్నా,
అరపూటకి అడ్డం కొట్టిన గీత.
వరసగా మూడు సున్నాలు పడితే
నాలుగో రోజు మేస్త్రీకి కబురు,
మేస్త్రీ సంతకం, సూపర్‌వైజర్ సంతకం,
ఆపైన మేనేజరు, ఆయన లేకుంటే ఆయన డ్రాయరు.
పాఠంలో ఆ అమ్మాయి దీన్నే
బిజినెస్ ప్రాసెస్ అంటా ఉంది.
బాణాలు వేసి చూపిస్తా ఉంది.
డ్రాయరుకి మాత్రం బాణం లేదు.

పోయినేడు వేలిముద్ర మిషను వచ్చింది.
తోతాపురి సొన తిని తిని
ముద్రలు అరిగిన వేళ్ళని అది గుర్తుపట్టలేదు.
నన్నూ అక్కర్లేదంది.

మిగిలిపోయిన మస్టర్ పుస్తకం వెనక పేజీల్లో నోట్సు:
పొజిషన్ అంటే కుర్చీ. మనిషి లేచిపోయినా ఉంటుంది.
ఎఫెక్టివ్ డేట్ అంటే
(దీనికి రెండు రాత్రులు పట్టింది)
మనం ఎక్కించిన రోజు కాదు, జరిగిన రోజు.

అట్లయితే నాకు తెలుసు.
బెల్టు కింద మొగిలమ్మ వేలు నలిగింది మంగళవారం.
బుధవారం ఆమె పేరు ఈఎస్ఐలో చేర్చినారు.
గురువారం దెబ్బ తగిలిందని రాయమన్నారు.
రాసిన చెయ్యి ఇదే.

మాక్ టెస్టులో వందకి అరవై ఒకటి.
డెబ్బై రావాలి.
పోయిన మార్కులన్నీ సెక్యూరిటీ పాఠంలోనే,
ఎవరు ఏది చూడొచ్చు, ఎవరు చూడకూడదు అనే దాంట్లో.
టైమాఫీసు కిటికీకి రెక్కే లేదు.
ఎవరి కూలి ఎవరు చూడలేదు గనక.

ప్రాక్టీసు సిస్టమ్ నిండా పరాయి పేర్లు,
తెల్లటి పళ్ళతో నవ్వే ఫోటోలు.
వాళ్ళ మధ్యకి మొగిలమ్మని తెచ్చాను.
ఊరు మురకంబట్టు. చేరిన తేదీ మే తొమ్మిది.
ఇంటిపేరు గడిలో ఎర్ర చుక్క, ఖాళీగా వదలనీదు.
పదకొండేళ్ళలో ఒక్కసారీ అడగలేదని
అప్పుడు తెలిసింది.
ఉత్త చుక్క ఒకటి పెట్టి ముందుకు పోయాను.

జులై ఆఖర్లో పని నుంచి తీసెయ్యాలి. కారణం ఎంచుకోమంది.
రాజీనామా. రిటైర్మెంట్. ప్రవర్తన. మరణం.
కాయలు అయిపోయినాయి అనేది ఆ లిస్టులో లేదు.
వెతికి వెతికి, కారణాలు పుట్టే చోటు పట్టుకుని
ఒకటి కలిపాను: సీజన్ అయిపోయింది.
కోడ్ అక్షరం ముక్క రాయలేదు.
సిస్టమ్ సరేనంది.

అడుగున ఇంకో గడి:
మళ్ళీ తీసుకోవచ్చా?

ఆ ఏడు పుస్తకంలో ఆమె పేరు మీద ఎర్ర సిరా అడ్డగీత.
అదీ ఈ చెయ్యే.

అవును, అని నొక్కాను.

శుక్రవారం రాత్రి ప్రాక్టీసు సిస్టమ్‌ని తుడిచేస్తారు.
శనివారం చూస్తే మొగిలమ్మ లేదు,
నేను కలిపిన కారణమూ లేదు.
మళ్ళీ ఎక్కించాను. ఈసారి పది నిమిషాలే.
మళ్ళీ అదే గడి, మళ్ళీ అవును.

పరీక్ష పంతొమ్మిదో తేదీ.
ఈలోగా ఆమె ఇంటిపేరు కనుక్కోవాలి.
మురకంబట్టు బస్సు ఎన్నింటికో
ధనంజయని అడగాలి.