లేత గీటు

ఆల్బర్ట్ సరస్సు ఒడ్డున
ఇసుక మీద మూజిరి చేపలు ఎండుతున్నాయి.
బడి వెనక గదిలో
నేనూ కుమాకెచ్చూ వీపు వీపు ఆనించి కూర్చున్నాం,
ఒకరి లెక్క ఒకరికి తెలియకూడదని.

అరవై మూడో నంబరు: బెరోచన్, తొమ్మిదేళ్లు.
పొద్దున అరటాకు పొట్లంలో తెచ్చాడు
తన కడుపులోని సంగతి,
సిగ్గుపడుతూనే, తాతకి వాటా చేప అప్పగించినట్టు.
జల్లెడ పట్టి, అచ్చులో నింపి,
ఆకుపచ్చ సెల్లోఫేన్ కప్పి, బోర్లించి నొక్కాం.
పక్కన ముల్లున్న గుడ్డు కోసం వెతికాను
చేను దున్నినట్టు, సాలు వెంట సాలు.
సున్నా.
కుమాకెచ్‌కీ సున్నా.
మూడు రోజులు, ఆరు స్లైడులు, అన్నీ సున్నాలే.

కానీ వాడి మూత్రం ఒక్క చుక్క తాగిన పట్టీ మీద
ఒక గీటు.
గీటు అనాలో వద్దో.
తడి చేత్తో తుడిచిన పలక మీద బలపం జాడ.
దీపం దగ్గర ఉంది, కిటికీ దగ్గర లేదు.

మా పట్టికలో ఉన్నవి నాలుగే గళ్లు.
పాతది లేదని, కొత్తది ఉందని అంటే
ఆ గడి పేరు 'తప్పుడు ఉంది'.
బెరోచన్‌ని అందులో పెట్టాను.
పెట్టి, కలానికి మూత పెట్టలేకపోయాను.
బంగారం నిగ్గు తేల్చేది గీటురాయి.
రాయే అరిగిపోయి ఉంటే
ఏ బంగారాన్ని అడగను రాయి సంగతి?
గుడ్లు నిన్న పడి ఉండొచ్చు, రేపు పడొచ్చు.
ఆ పురుగుల జంట పేగుల సిరల్లో
మా మూడు రోజుల్ని ఖాతరు చేయకుండా
కాపురం చేస్తూ ఉండొచ్చు.

రిజిస్టరుకి సీలు వేశాక, రాత్రి,
ఎందుకో ఆరో స్లైడు మళ్లీ పెట్టాను.
అంచున, గాలిబుడగ చాటున
ఒక్కటి. ముల్లుతో సహా.
కుమాకెచ్‌ని పిలిచాను. చాలాసేపు చూశాడు.
"బుడగ ముడత" అన్నాడు.
కాసేపయ్యాక, "ఏమో" అన్నాడు.
సీలు కింద సున్నా సున్నాలాగే ఉంది.

తెల్లారి పిల్లలందరికీ ఎత్తు కొలిచి మాత్రలిచ్చారు,
గీటున్నవాళ్లకీ లేనివాళ్లకీ.
మొహం చిట్లించి చేదు మింగి
"నేను పరీక్ష పాసయ్యానా?" అన్నాడు బెరోచన్.
"పరీక్ష నీకు కాదురా, ఆ పట్టీకి."
"మరి అది పాసయిందా?"

నేను మాట వెతుక్కునేలోగా
వాడు సగం చొక్కా విప్పేసి
నీళ్ల వైపు చూస్తున్నాడు.