తొమ్మిదో బిందె

ఆదివారం రెండు చేతులూ ఎత్తి
"సర్వం నీకే తండ్రీ" అన్నాను.
గొంతు వణికింది, కన్ను తడిసింది,
పక్కనున్న జక్కమ్మత్త భుజం నిమిరింది కూడా.
సర్వం అంటే ఏమేమిటో
అప్పుడు లెక్క వేసుకోలేదు.
ప్రాణం అనుకున్నాను, పిల్లలనుకున్నాను,
ఎప్పుడో ఏ రాజో మెడ మీద కత్తి పెట్టి
ఎవరి మనిషివి అని అడిగితే
నీ పేరే చెబుతాననుకున్నాను.

సోమవారం తెల్లవారుజామున
పులియంతోపులో మా సందు మొదట్లోకి
ఏ రాజూ రాలేదు.
నీళ్ళ లారీ వచ్చింది.

మూడున్నరకే లేచి పెట్టిన బిందె నాది.
పచ్చ ప్లాస్టిక్ బిందె, మెడకి ఎర్ర గుడ్డ పీలిక,
వరసలో తొమ్మిదోది.
పద్నాలుగో బిందె దగ్గర గొట్టం దగ్గుతుందని
ఈ సందులో చంటిపిల్లలకి కూడా తెలుసు.

అప్పుడొచ్చింది కనకవల్లి,
కొప్పు ఊడిపోయి, చెప్పుల్లేకుండా,
రెండు చంకల్లో రెండు బిందెలతో.
ముసలత్త రాత్రంతా పక్క పాడుచేసిందట,
దుప్పటి జాడించడానికి చుక్క లేదట.
అందరికీ వినపడేలా తమిళంలో చెప్పింది,
నా వైపు మాత్రం చూడలేదు.

ఎలా చూస్తుంది?
పోయిన వేసవిలో నా స్టీలు బిందెకి సొట్ట పెట్టి
"నేనా? పో" అంది.
అప్పట్నుంచి దాని గడప దాటాల్సొస్తే
చూపు డ్రైనేజీ మూత మీద పెట్టుకుని నడుస్తాను.

దేవా, నువ్వు మెరుపులో మాట్లాడలేదు.
నా బిందె వైపు చూశావు, అంతే.
అదొక్కటీ వదిలెయ్, ఇంకేదైనా అడుగు అన్నాను.
నలభై రోజులు ఉపవాసముంటాను,
కానుక పెట్టెలో ఐదొందలు వేస్తాను,
కెజియాకి కొందామనుకున్న పట్టీలు మానుకుంటాను.
నువ్వు బేరమాడలేదు.
కాశిమేడులో పొద్దున్నే చేపలమ్మే ముసలిదానిలా
ఒకటే ధర చెప్పి ఊరుకున్నావు.

నాకు తెలీకుండానే కాలు కదిలిందని
రాయాలని ఉంది. అబద్ధం.
పళ్ళు బిగబట్టి
బిందెని పక్కకి తన్నాను.
"వా" అన్నాను. ఒకటే అక్షరం.
అక్కా అనలేదు, పేరు పెట్టలేదు.
దాని రెండు బిందెలూ నిండాయి.
ఒక్క మాటైనా అనకుండా పోయింది
నా పాదాల మీద నీళ్ళు చిందిస్తూ.

నేను వెళ్ళి చివర నిలబడ్డాను.
నాలుగు వేళ్ళ నీళ్ళు,
అడుగున తుప్పు రంగు ఇసుక.
ఇంట్లో దానం చెంబు పట్టుకుని నిలబడ్డాడు,
బిందెలోకి చూశాడు, నా ముఖంలోకి చూశాడు.
"లారీ లేటా?"
ఆఁ అన్నాను. అదీ రాసుకో నీ పద్దులో.

ఆ రోజంతా కంపెనీలో కాజాలు కుడుతూ
సాక్ష్యం కూడా కుట్టుకున్నాను.
శుక్రవారం కూటంలో ఎక్కడ ఆగాలి,
ఎక్కడ గొంతు తగ్గించాలి.
కనకవల్లి అత్తని ఇంకాస్త ముసలిదాన్ని చేశాను,
నా బిందెని తొమ్మిది నుంచి మూడుకి జరిపాను.
సాయంత్రానికి నిజం కన్నా నున్నగా తయారైంది.
అప్పుడు మళ్ళీ చూశావు.
ఈసారి బిందె వైపు కాదు.

దైవసహాయం అయ్యగారు
"సాక్ష్యాలున్నవాళ్ళు లేవండి" అనగానే
మోకాళ్ళు వాటంతటవే లేవబోయాయి.
కొంగు గుప్పిట్లో పిసుక్కుంటూ కూర్చున్నాను.
నిండు బిందె మోసినా
నడుం అంత నొప్పెట్టదు.

మరి ఈ కాగితం ఏమిటంటావు.
తెలుసు.
కెజియా పాత లెక్కల నోటుబుక్కు వెనక రాస్తున్నాను,
ఎవరికీ చూపించనని మాటివ్వలేను.
తెగ్గోసిన చోటే మళ్ళీ మొలుస్తుంది
బల్లి తోకలాగా, ఈ నేను.

నిన్న కనకవల్లి గడప ముందు నుంచి వెళ్ళాను.
చూపు డ్రైనేజీ మూత మీంచి లేచి
వాళ్ళ ముగ్గు దాకా వెళ్ళింది.
ముఖం దాకా ఇంకా వెళ్ళలేదు.

దీపం ఆర్పుతాను.
మూడున్నరకి లేవాలి.