అరగంట

మా నాన్న వీడియో గేముల షాపులో
టైము చూసే పని నాది.
బ్రాడీపేట నాలుగో లైను, మేడమెట్ల కింద
మూడు టీవీలు, ఒక టేబుల్ ఫ్యాను,
అరగంటకి రెండు రూపాయలు.
పెద్దముల్లు గీత మీదకి రాగానే
స్విచ్చు కట్టేయాలి,
ఆడేవాడు బతికున్నా సరే.

జాయ్‌స్టిక్ నా చేతికి ఎవరూ ఇవ్వలేదు,
అడగాలని నాకూ తోచలేదు.
వీపు టీవీలకి, మొహం వీధికి పెట్టి
చిల్లర దొంతులు పేరుస్తూ
ఆ ఆటలన్నీ చెవులతోనే ఆడాను.
దూకితే ఒక చప్పుడు, నాణెం దొరికితే ఒకటి.
నీళ్ళ కింద కోటలోకి దిగితే మాత్రం
ఆ బాణీ.
మూడేసి అడుగుల నడక,
మూడో అడుగు కాస్త కుంటి.

ఇప్పుడు మిర్చి యార్డులో కాటా దగ్గర
చీటీలు రాస్తాను.
శనివారం యార్డుకి సెలవు.
సబ్బుతో మూడుసార్లు, కొబ్బరినూనెతో ఒకసారి
చేతులు రుద్దుకుని
సలోమి టీచర్ ఇంటికి వెళతాను.
అయినా నేను వచ్చేశాక
ఆ పియానో ముందు కూర్చున్నవాళ్ళు తుమ్ముతారట.

జిరాక్స్ షాపు కుర్రాడు ఎక్కడో వెతికి
నాలుగు కాగితాలు తీసిచ్చాడు.
టీచర్ కళ్ళజోడు నుదుటికెత్తి చదివింది:
"ఇంటర్మీడియట్ అట.
ఫస్టియరా, సెకండియరా?"
నవ్వాను.
నేను ఇంటర్ తప్పిన సంగతి ఆవిడకి తెలీదు.

కుడిచెయ్యి నాదే. ఎడమచెయ్యి
ఎవరి దగ్గరో అరువు తెచ్చుకున్నట్టుంటుంది.
కింద ఒకటి, పైన రెండు,
మళ్ళీ కింద ఒకటి, పైన రెండు.
బస్తా దింపి వెనక్కి పోయే హమాలీకైనా
మధ్యలో బీడీ ఉంటుంది,
దీనికి అదీ లేదు.
ఎడమ చివర ఒక మెట్టు నొక్కితే లేవదు,
గోటితో లేపాలి.
"నెమ్మదిగా, ఇంకా నెమ్మదిగా" అంటుంది టీచర్.
అంత నెమ్మదిలో ఆ బాణీ
తెలిసిన మనిషిని ఎక్స్‌రేలో చూసినట్టుంటుంది.

ముప్పై రెండో గడి దాకా
వేళ్ళకంటే చెవి ముందు పరిగెడుతుంది.
ముప్పై మూడు నుంచి చెవికి దారి తెలీదు.

ఆ కోటలో ఊపిరి నిమిషం కూడా ఆగేది కాదు.
ఎవడు చచ్చినా బాణీ మొదటికొచ్చేది.
ఒక్క సుభానీ మాత్రం,
సంగడిగుంట నుంచి నడిచొచ్చేవాడు,
ఓ రోజు గాలిబుడగ పట్టుకుని
రెండో తలుపు దాకా పోయాడు.
షాపంతా వాడి వెనక చేరింది.
నేనూ మొదటిసారి వెనక్కి తిరిగాను.
"అక్కా, రెండు నిమిషాలు.
పావలా ఉంది, తీసుకో."

ముల్లు గీత మీదుంది.
నాన్న చూస్తున్నాడో లేదో చూడలేదు.
కట్టేశాను.

టీవీ నడుమ తెల్లచుక్క కాసేపు నిలబడి పోయింది.
వాడు ఏడవలేదు, తిట్టలేదు.
చెప్పులు మర్చిపోయి వెళ్ళాడు.
మర్నాడు వచ్చి
నావైపు చూడకుండా తొడుక్కున్నాడు.

ముప్పై ఏళ్ళు నేనే తాళం వేసి ఉంచిన గది
మూడో కాగితంలో తెరుచుకుంటే
లోపల పెద్దగా ఏమీ లేదు.
అదే బాణీ, ఒక మెట్టు పైన.
ఒకేఒక్క నల్లమెట్టు,
అరుగు మీద అనుకోకుండా తగిలిన చల్లదనం లాగ.
అక్కడ నా నాలుగోవేలు ప్రతిసారీ జారుతుంది.

"ఇది ఎక్కడ ముగుస్తుంది?" అంది టీచర్,
చివరి కాగితం తిరగేసి.
ముగియదండీ.
ఆ రెండు చుక్కలు చూడండి, మళ్ళీ మొదటికి పొమ్మని.
"కీర్తనకైతే ఆమెన్ ఉంటుంది."
దీనికి లేదు టీచర్.
ఎవరో ఒకరు కట్టేస్తే తప్ప.

గుమ్మంలో తర్వాతి పిల్లాడు చెప్పులు విప్పుతున్నాడు.
టీచర్ తల గోడ గడియారం వైపు తిరుగుతోంది.
ముప్పై మూడు మళ్ళీ తప్పాను.

రెండు నిమిషాలు, టీచర్.
ఒక్క రెండు నిమిషాలు.