నాగోలు, బ్రేకు పరీక్ష

ఛోటా హాథీని రోలర్ల మీదికి ఎక్కించి
"తొక్కు" అన్న.
ఇస్తారి తొక్కిండు.
ఎడమ చక్రం మాట విన్నది,
కుడిది అరక్షణం ఆలోచన చేసింది.

ఆ అరక్షణాన్ని మిషను అంకెల్ల చెప్తది.
నాకైతే
అడ్డగుట్ట ఉతారు కనబడ్తది,
బడి విడిచిన యాళ్ల.

"ఖాళీ బండి గద సార్,
ముప్పై నీళ్ల క్యాన్లు ఎక్కినంక చూడుండ్రి,
గోడ లెక్క నిలబడ్తది."
నిజమే కావొచ్చు. ఎండకాలం, గిరాకీ రోజులు.
ఫెయిలని రాస్తుంటే
పెన్ను గూడ జర పట్టేసింది.

నాలుగోనాడు మళ్లొచ్చిండు,
గోర్లల్ల గ్రీజు,
కొత్త లైనర్ల మాడు వాసన.
తొక్కిండు.
రెండు చక్రాలు ఒక్కతీరుగ ఆగినయి.
అంకె చదివిన, సంతకం పెట్టిన,
"ఇగ పో" అన్న.

ఇస్తారి కాలు
ఇంకా పెడలు మీదనే ఉన్నది.