బందుల్లేని తలుపులు

మొదట బొత్తాం చెప్పింది.
పని చొక్కాకి పైనుంచి మూడోది.
దాని కన్నం ఎక్కడుందో
ఇసోకిచి మేస్త్రీ వేళ్ళు మరిచిపోయాయి.
చలి, అన్నాడు. నొషిరోలో డిసెంబరు,
హతహత చేపలు ఒడ్డుకొచ్చే రోజులు,
ఎవరి వేళ్ళు మాత్రం మాట వింటాయి!

తర్వాత సోయా గింజ చెప్పింది,
పుల్లల మధ్య నుంచి జారి, చాప మీద దొర్లి.
తర్వాత గడప. తర్వాత
వెంట్రుక మందాన జాలీ పుల్లని కోసే ఉలి,
నలభై ఎనిమిదేళ్ళలో మొదటిసారి
గీత దాటింది.
నేను చూడనట్టు రంపప్పొట్టు ఊడ్చాను.

అకితా ఆసుపత్రిలో డాక్టరమ్మ మియోషి
గడియారం పట్టుకుని
"పది సెకన్లు. గుప్పిట మూయండి, తెరవండి" అంది.
ఇరవై రావాలట. పదకొండు వచ్చాయి.
పన్నెండోది సగంలో ఆగి
పట్టుకున్నదేదో వదల్లేకపోయింది.

ఫిల్ములో మెడపూసల వెనక
నిలువునా ఒక తెల్లటి చార.
నారలా వంగాల్సిన పట్టీ
ఎముకగా మారుతోందట,
ఏళ్ళ తరబడి, నొప్పైనా పెట్టకుండా,
నరం నడిచే సందుని ఇరుకు చేస్తూ.
మేస్త్రీ చాలాసేపు చూశాడు,
కోసిన దుంగ మొహాన్ని చూసినట్టు.
"చేవ పట్టింది" అన్నాడు.
సుగి మానుకైతే ధర పెరిగేది.

మొక్కై వంగనిది మానై వంగదంటారు. ఇదేమిటి,
మొక్కై, మానై, డెబ్భై ఏళ్ళు
ఎదురైన ప్రతి మనిషికీ వంగిన మెడ
ఇప్పుడు వంగనంటోంది!

డాక్టరమ్మ కాగితం మీద బొమ్మ గీసింది:
ఎముక కమానుని ఒక పక్క పూర్తిగా కోసి
రెండో పక్క గాడి మాత్రం తీసి
తలుపులా తెరుస్తాం.
మూసుకోకుండా చిన్న ఆనిక పెడతాం.
ఆ కొత్త ఎముకని ముట్టుకోం.
నరానికి పక్కకి జరిగే చోటిస్తాం, అంతే.

మేస్త్రీ నవ్వాడు. ఆ నెలలో మొదటి నవ్వు.
"బుద్ధెరిగిన నాటినుంచీ జారే తలుపులే చేశాను,
ఒక్క బందు బిగించలేదు.
నా మెడకే బందు తలుపా!"
పెన్సిలు అడిగి తీసుకుని, జారవిడిచి,
నేను తీసిస్తే మళ్ళీ పట్టుకుని
గాడి లోతెంత, ఆనిక ఏ కలప, అన్నాడు.
పింగాణీ లాంటిదంది.
కలప కాదా, అన్నాడు చిన్నబోయి.

ఏప్రిల్. గుప్పిట పదహారుకొచ్చింది.
చిత్రిక ఇంక నాదే.
మేస్త్రీ మెడ తిప్పడు; మనిషే తిరుగుతాడు,
పాదాలతో సహా.

కొత్త తలుపుని గాడిలో దించాను.
ఇదివరకు చిటికెనవేలితో తోసి చూసేవాడు.
ఇవాళ మేజోడు విప్పి
కాలి బొటనవేలితో తోశాడు.
"తలుపుకి కాలు తగిలిస్తారా!"
లోపల్నుంచి ఫుజిఎ గారి అరుపు.
తలుపు జానెడు జారి ఆగింది.
కళ్ళు మూసుకుని విన్నాడు.
"కింద, ఎడమ పక్క.
ఇంకో రెండు పొరలు తియ్యి."